తల ఎత్తకూడదు

“పెద్దాయనా, ఫొటోలు తీసుకునేవాళ్ళు అటు మెట్ల మీదకి పోవాలి. ఇక్కడ మేం గోపురం కట్టాలి” అంది మిరెయా విసుగ్గా.

రేవు పట్నం తర్రగోనాలో ఆ ఊరి పునీతురాలు సంత తెక్లా పేర జరిగే పండుగ. ఊరి నడిబొడ్డున చౌకులో ఇసక వేస్తే రాలనంత జనం. పసుపు చొక్కాల జట్టు మనుషుల గోపురానికి సిద్ధమవుతోంది. మనిషి భుజాల మీద మనిషి, వాళ్ళ మీద ఇంకొందరు, అలా ఎనిమిది అంతస్తులు. కొసన ఎక్కి చెయ్యెత్తాల్సింది మిరెయా కూతురు, ఏడేళ్ళ ఓనా.

పిల్లకి ఇదే మొదటిసారి. మిరెయా పొద్దుటి నుంచి ప్రతివాళ్ళ మీదా విసుక్కుంటోంది. చిన్నప్పుడు తనూ కొసదాకా ఎక్కిన పిల్లే. ఓసారి జారిపడింది కూడా. ఎలా పడిందో గుర్తు లేదు. “జనం మీద పడ్డావు, బతికిపోయావు” అని మాత్రం ఇంట్లో చెప్పేవారు. ఇంకేమైనా అడిగితే అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకునేది.

ముసలాయన కదల్లేదు.

“ఫొటోలకి రాలేదమ్మా. అడుగున నిలబడదామని వచ్చాను. కొత్తవాళ్ళనీ రానిస్తారు కదా?” మాటలో పరదేశి యాస.

“రానిస్తాం, చేతులెత్తగలిగినవాళ్ళని!”

ఆయన ఎడమ భుజం కుడిదానికన్నా బాగా కిందికి ఉంది. మిరెయా నోరు ఊరుకోలేదు.

“నీ భుజాలు రెండూ మాటలు మానేసినట్టున్నాయే!”

చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. ఆయనా నవ్వాడు.

“అవి అలిగి చాలా ఏళ్ళయింది.”

“ఓడ దిగి వచ్చావా?”

“అవును. సాయంత్రం వెళ్ళిపోతుంది.”

“మరింకేం! హాయిగా ఊరు చూడు. రోమన్లు కట్టిన గోదా ఉంది. రేవు దగ్గర చేపల పులుసు తిను. సముద్రం వైపు ఇనప కటకటాలు ముట్టుకో, కలిసొస్తుంది.”

“పొద్దున్నే ముట్టుకున్నాను. ఈ గోపురం బాగా నిలవాలని.”

ఇంతలో అడుగు గుంపు పెద్ద బెర్నాట్ కేకేశాడు. “మిరెయా! కబుర్లు చాలు, నీ చోటుకి రా!”

ఆ పేరు వినగానే ముసలాయన ఆమె వంక తేరిపార చూశాడు.

“మిరెయా” అన్నాడు నెమ్మదిగా, తనలో తనే. తర్వాత అడిగాడు. “నీ వెనక నిలబడనా తల్లీ?”

“నిలబడనీవే, చోటుందిగా” అన్నాడు బెర్నాట్. “పెద్దాయనా, ఒక్కటే మాట. గడ్డం గుండెకి ఆనించు. ఏం జరిగినా తల ఎత్తకూడదు. పైనుంచి ఎవరైనా పడితే మెడ విరుగుద్ది.”

“తెలుసు.”

గుంపు బిగిసింది. వందల చేతులు ముందున్నవాళ్ళ వీపులకి ఆనాయి. మిరెయా వీపు మీద కూడా రెండు అరచేతులు పడ్డాయి. ఎడమది కొంచెం వణికింది గానీ జారలేదు.

గోపురం లేస్తోంది. కింద మోసేవాళ్ళకి అది కనపడదు. భుజాల మీద బరువు పెరగడం తెలుస్తుంది, అంతే. ఇంతలో సన్నాయి అందుకుంది. ఆ పాట వింటూనే ఎవరెంత ఎత్తుకి ఎక్కారో అడుగున లెక్క.

పాట సాగుతూనే ఉంది. ఓనా ఈపాటికి కొసకి చేరాలి. చేరితే పాట మారాలి, మారలేదు.

బరువు అటూ ఇటూ ఊగింది. జనం గొంతులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. పిల్ల ఎక్కడో ఆగిపోయింది! మిరెయా మెడ తనంతట తనే పైకి లేవబోయింది.

“ఎత్తకు తల్లీ” అంది వెనక గొంతు.

“నా బిడ్డ...”

“పడదు. పడినా కింద మనం లేమా?”

ఆ అరచేతులు గట్టిగా ఆనాయి. మిరెయా కళ్ళు మూసుకుంది.

సన్నాయి పాట మారింది. ఓనా చెయ్యెత్తింది! చౌకు చౌకంతా హోరెత్తిపోయింది. ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఒకళ్ళనొకళ్ళు కావలించుకుని ఏడ్చారు. అన్ని వందలమంది కలిసి ఒక పసిబిడ్డని ఆకాశానికి అందించారు, మళ్ళీ భద్రంగా నేలకి దించుకున్నారు. ఎన్నేళ్ళుగా చూస్తున్నా మిరెయాకి ఒళ్ళు జలదరిస్తూనే ఉంటుంది.

కిందికి దిగిన ఓనా తల నిమిరాడు ముసలాయన.

“అంత దూరం నుంచి వచ్చి అసలు గోపురమే చూడలేదే మీరు?” అంది మిరెయా. తనకి తెలియకుండానే మన్నించి మాట్లాడింది.

“ఒకసారి తలెత్తి చూశానమ్మా. ఆ ఒక్కసారీ చాలు” అని జనంలో కలిసిపోయాడు.

సాయంత్రం ఇంటిల్లిపాదీ వీధి బల్ల దగ్గర కూర్చున్నారు. మిరెయా తండ్రి పేరు సదుర్ని, ఒకప్పుడు ఆయనే అడుగు గుంపు పెద్ద. ఆమె నవ్వుతూ ఆ ముసలాయన సంగతి చెప్పింది, అలిగిన భుజాలతో సహా.

తండ్రి చేతిలో గ్లాసు ఆగిపోయింది.

“ఏ భుజం?”

“ఎడమది. ఎందుకు నాన్నా?”

“లే. పరుగెత్తు, సముద్రం వైపు!”

ఇనప కటకటాల దగ్గరికి చేరేసరికి ఓడ రేవు దాటిపోయింది. సదుర్ని ఆయాసపడుతూ వెనకే వచ్చాడు.

“మీ అమ్మ తట్టుకోలేదని నీకెప్పుడూ చెప్పలేదు. నువ్వు జారిన రోజు అడుగునున్నవాళ్ళంతా తలలు వంచుకుని ఉన్నారు. నియమం తెలియని పరదేశి ఒక్కడు నోరు తెరుచుకుని పైకి చూస్తున్నాడు. తల దించమని తిట్టాను కూడా. దించలేదు. నీ పేరు పెట్టి నేను అరుస్తుండగానే చేతులు చాచాడు. మేం ఆసుపత్రికి వెళ్ళేసరికి కట్టుతోనే ఓడెక్కి వెళ్ళిపోయాడన్నారు. పేరైనా తెలీదు.”

మిరెయా కటకటాలు పట్టుకుని ఓడ వంకే చూస్తోంది.

“నువ్వు పడింది ఆ భుజం మీదేనే అమ్మా.”