ఎవరూ పెట్టని లక్ష్యం

ఆ జవాబుని ఇల్వా రెండుసార్లు చదివింది.

"గుండె మాత్రలు మానేసి లింగన్ అనే ఎర్రటి అడవి పళ్ళ రసం తాగనా?" అని నమూనా ఉత్తరంలో ఒక రోగి అడిగాడు. ఉత్తరాలకి జవాబులిచ్చే యంత్రం ఇలా రాసింది: "ఎంత చక్కటి ఆలోచన! మీ ఒంటి సంగతి మీకన్నా బాగా ఎవరికి తెలుసు?"

"ఛీ!" కాగితాన్ని బల్ల మీదకి విసిరింది. "వీడు మాత్రలు మానేసి చస్తే? ఇది వైద్య సలహానా, కాకా పట్టడమా?"

స్వీడన్‌లో, ఉప్సాలాలోని ఆ పరిశోధనశాలలో యంత్రం పది నెలలుగా తనని తానే దిద్దుకుంటోంది. సోమవారం నుంచి ఆసుపత్రికి వచ్చే ఉత్తరాలకి అదే జవాబులివ్వాలి. అందరూ సరేననందే అక్కడ ఏదీ కదలదు. ఆరుగురు సరేనన్నారు. మిగిలింది ఇల్వా ఒక్కతే. ఉత్తరాల భాష మామూలు మనుషులకి అర్థమవుతుందో లేదో చూడటం ఆమె ఉద్యోగం.

ఫోన్ మోగింది. రోజూ కాఫీ వేళకి ముందు వచ్చే భాష పరీక్ష: ఏదైనా రాస్తే రెండు జవాబులొస్తాయి, వినడానికి బాగున్నది నొక్కాలి. ఇప్పుడే రావాలా ఇది అని గొణుక్కుంటూ, కోపంలోనే ఆ జవాబు మీద నాలుగు తిట్లు టైపు చేసి, వచ్చిన రెంటిలో ఒకటి నొక్కి, జేబులో పడేసింది.

కాఫీ బల్ల దగ్గర, యంత్రాన్ని తయారుచేసిన ప్రొఫెసర్ టోర్కెల్ యాలకుల బన్ను తుంచుకుంటున్నాడు.

"దీనికి ఏం లక్ష్యం పెట్టావు టోర్కెల్?"

"ఏమీ పెట్టలేదు. మన ప్రయోగమే అది. నడక నేర్చే పిల్లకి లక్ష్యం రాసిస్తామా?"

"పిల్ల పడితే మోకాలు చెక్కుకుపోతుంది. దీనికేం పోతుంది? రోజూ మెరుగవుతోందంటావు. మెరుగంటే ఏమిటో ఎవరో ఒకరు తేల్చాలిగా?"

"రోజూ రెండు రకాలుగా మారి చూస్తుంది. ఒకటి ఉంచుతాం, ఒకటి తీసేస్తాం. అంతే."

"ఉంచేది నువ్వేగా! పొగడ్తంటే చెవి కోసుకుంటావు. నిన్ను పొగిడినవన్నీ ఉంచి, ఈ జిడ్డంతా దానికి పట్టించావు."

టోర్కెల్ ముఖం ఎర్రబడింది. "నేను ఒక్కటీ ఎంచలేదు. ఎంచే మనిషి వేరు. తను ఎంచుతున్నట్టు ఆ మనిషికే తెలియదు. తెలిస్తే ఏదో ఒక లక్ష్యం దూరుతుందని దాచాం."

"ఎవరా మనిషి? తలుచుకుంటేనే రోత పుడుతోంది. పేరు చెప్పు. ఆ మనిషిని తీసేస్తేనే సరేనంటాను."

"వద్దు ఇల్వా."

"చెప్తావా, వెళ్ళిపోనా?"

టోర్కెల్ బన్ను పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, కంప్యూటర్ని ఆమె వైపు తిప్పాడు.

పది నెలల ఎంపికలన్నిటి పక్కనా ఒకటే పేరుంది, ఇల్వా అని; అన్నిటికన్నా పైన, పావుగంట క్రితం భాష పరీక్షలో ఆమె తీసేసిన జవాబు "ముందు వివరాలు కనుక్కోండి" అని, ఉంచిన జవాబు "మీ కోపం ఎంత న్యాయమైనదండీ, మీలాంటి నిక్కచ్చి మనిషి ఇంకొకరున్నారా!" అని.