ముందు సీటు

“ఎర్ర టోపీ పెట్టుకున్నాడు. నిన్న మన సందు చివర నిలబడి మీ ఇల్లేదని అడిగాడు, పెర్లా. తల్లీకూతుళ్లిద్దరే ఉంటారా అని కూడా అడిగాడు,” అంది పక్కింటి సొలేదాద్, రొట్టెల పొట్లం కిటికీలోంచి అందిస్తూ.

“నువ్వేం చెప్పావు?”

“ఇల్లు చూపించాను. మర్యాదగానే అడిగాడు మరి.”

“మర్యాదగా అడిగితే నీ ఇంటి తాళాలు కూడా ఇచ్చేలా ఉన్నావే.”

సొలేదాద్ మూతి ముడుచుకుని వెళ్లిపోయింది. పెర్లా కిటికీ గడియ పెట్టింది. మొన్న బడి గేటు దగ్గర కనిపించినవాడి నెత్తిన కూడా ఎర్ర టోపీయే.

లోపల లెన్‌లెన్ జడ వేసుకుంటోంది. పంతొమ్మిదేళ్ల పిల్ల. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టింది. చిన్నప్పుడు ఊళ్లోని లా పాజ్ మార్కెట్లో తప్పిపోయి, చీకటి పడే వేళకి చేపల గంపల వెనక దొరికింది. అప్పటినుంచి పెర్లా ఆ చెయ్యి వదల్లేదు. మొన్నటిదాకా ప్రత్యేక పిల్లల బడికి దించడం, తీసుకురావడం అంతా తనే.

ఈ వారం నుంచి లెన్‌లెన్ ఒక్కతే వస్తుందని టీచర్ వెర్హీనియా చెప్పింది. నెలల తరబడి తరగతిలో బల్లలు ఎదురెదురుగా వేసి జీప్నీలో, ఊళ్లో తిరిగే జీపు బస్సులో, ప్రయాణం నేర్పారట. డబ్బులు పక్కవాళ్ల చేతుల మీదుగా డ్రైవరుకి పంపడం, నాణెంతో ఇనుప కడ్డీ మీద కొట్టి బండి ఆపించడం, దారి మూసేస్తే ఎవర్ని అడగాలో, ఎలా అడగాలో.

“ఎవడైనా ఎత్తుకుపోతే?” అని అడిగింది పెర్లా.

“మీరు ఇంట్లోనే ఉండండి మానాంగ్ పెర్లా. మాట ఇవ్వండి, అక్కా,” అంది టీచర్.

పెర్లా మాట ఇచ్చింది. ఇచ్చిన మర్నాడే తప్పింది. రోజూ తప్పుతూనే ఉంది.

“అమ్మా, గొడుగు తలుపు పక్కన పెట్టాను. ఎండగా ఉంది,” అంది లెన్‌లెన్ చెప్పులు తొడుక్కుంటూ.

“నేనెక్కడికి వెళ్తానే?”

“ఊరికే పెట్టాను.”

పిల్ల సందు మలుపు తిరగగానే పెర్లా మొహానికి మాస్కు కట్టుకుని, టోపీ కిందికి లాక్కుని, ఆ గొడుగే తీసుకుని బయల్దేరింది.

స్టాపు దగ్గర ఎర్ర టోపీవాడు ఉన్నాడు. చేతిలో నల్ల సంచి. జీప్నీ వచ్చింది. వెనక సగం ఖాళీ. ముందు, డ్రైవరు పక్కన మాత్రం ఒక లావుపాటాయన కూర్చుని ఉన్నాడు. లెన్‌లెన్ లోపలికి తొంగి చూసి వెనక్కి తగ్గింది.

“ఎక్కవేంటమ్మాయ్, ఏసీ బస్సు కావాలా?” అన్నాడు డ్రైవరు. ఆమె తల అడ్డంగా ఊపింది. తర్వాత ఎర్ర టోపీవాడి వైపు చూసింది. అతను తలాడించాడు.

పెర్లా గొడుగు చాటునుంచి చూసింది. తన పిల్లకి వాడు తెలుసు. వాడు చెప్పినట్టు వింటోంది.

తర్వాతి జీప్నీలో ముందు సీటు ఖాళీగా ఉంది. లెన్‌లెన్ వెనక ఎక్కింది. ఆమె వెంటే వాడూ ఎక్కాడు. పెర్లా గబగబా వెళ్లి డ్రైవరు పక్కన కూర్చుంది. అక్కడైతే పిల్లకి మొహం కనపడదు. అద్దంలో పిల్ల కనపడుతుంది.

అద్దంలో వాడూ కనిపించాడు. పెర్లా చూసిన ప్రతిసారీ వాడి కళ్లు అద్దం మీదే ఉన్నాయి.

“ఏమ్మా, చెమటలు కక్కుతున్నావు. కళ్లు తిరుగుతున్నాయా?” అన్నాడు డ్రైవరు.

“బాగానే ఉన్నాను. మీరు రోడ్డు చూడండి.”

“రోడ్డు ఎక్కడికీ పోదులే.”

వెనక నాణెం కడ్డీ మీద టకటకలాడింది. రేడియో మోతలో డ్రైవరుకి వినపడలేదు. ఆపమనడానికి పెర్లా నోరు తెరిచింది. అంతలో నాణెం మరింత గట్టిగా మోగింది.

“మానోంగ్, అన్నా, ఆపండి.” లెన్‌లెన్ గొంతు.

బండి ఆగింది. లెన్‌లెన్ దిగింది. వాడు కదల్లేదు. పెర్లా తానూ దిగింది. అప్పుడు లేచాడు వాడు.

బడికి వెళ్లే రోడ్డు కాలవ కోసం తవ్వేశారు. లెన్‌లెన్ కాసేపు నిలబడి చూసింది. అరటిపళ్లు వేయిస్తున్న ఆవిడని ఏదో అడిగింది. ఆవిడ గరిటెతో గోదాముల మధ్య ఇరుకు సందు చూపించింది. మనిషి అలికిడి లేని సందు అది. పెర్లా ఎన్నడూ చూడలేదు.

ముందు లెన్‌లెన్. వెనక పెర్లా. ఆమె వెనక అడుగుల చప్పుడు. పెర్లా ఆగితే అదీ ఆగుతోంది.

మలుపు దగ్గర లెన్‌లెన్ వంగి చెప్పు సరిచేసుకుంది. ఇంకో మలుపులో మళ్లీ ఆగింది. ‘ఆగకు తల్లీ, నడువు,’ అనుకుంది పెర్లా. పిలిస్తే పిల్ల వెనక్కి, వాడి వైపుకే వస్తుంది. అందుకే పిలవలేదు. గొడుగు పిడి బిగించి పట్టుకుంది. వాడు పిల్లని ముట్టుకోవాలంటే ముందు తనని దాటాలి.

సందు చివర ఎండ కనిపించింది. బడి గేటు. లెన్‌లెన్ గంట కొట్టి లోపలికి వెళ్లింది. గేటు మూసుకుంది.

పెర్లా ఎండలో తూలింది. వెనకనుంచి ఒక చెయ్యి మోచేతిని పట్టుకుంది. ఆమె గిర్రున తిరిగి గొడుగుతో బాదింది.

“కొట్టకండి మానాంగ్, కొట్టకండి.” ఎర్ర టోపీ ఎగిరి మట్టిలో పడింది. నల్ల సంచిలోంచి మంచినీళ్ల సీసా, తడి తువ్వాలు జారిపడ్డాయి.

టీచర్ వెర్హీనియా గేటు తీసుకుని పరిగెత్తుకొచ్చింది.

“పోలీసుల్ని పిలవండి. వీడు నా పిల్ల వెంట పడుతున్నాడు.”

“ఈయన రోదెల్. మన బడిలో కొత్తగా పనికి చేరాడు,” అంది టీచర్.

పెర్లా గోడకి చేరగిలబడింది. ఊరట, ఉక్రోషం ఒక్కసారే తన్నుకొచ్చాయి.

“పిల్ల వెనక మనిషిని పెట్టి, ఒక్కతే వస్తోందని నాతో అబద్ధం చెప్పారా?”

“అబద్ధం చెప్పలేదు. లెన్‌లెన్ వెనక ఎవర్నీ పెట్టలేదు.”

“మరి ఇతనో?”

టీచర్ గేటు వైపు చూసింది. లోపలినుంచి లెన్‌లెన్ వచ్చింది. కిందపడిన ఎర్ర టోపీ తీసి, దుమ్ము దులిపి, రోదెల్ చేతికిచ్చి గుసగుసగా అడిగింది.

“మా అమ్మని తప్పిపోకుండా తీసుకొచ్చారుగా, మానోంగ్?”