కుడి బుగ్గ మీద మచ్చ

“తొమ్మిదింటికి తొమ్మిదీ పాడుచేశారు!”

డిజైనర్ అరుపుకి హాలంతా ఉలిక్కిపడింది. ప్రదర్శన మొదలవడానికి ఇంకా గంట కూడా లేదు. గోడ పొడుగునా అతని భార్య ముఖాలే, ఒక్కొక్కటీ తలుపంత ఎత్తున. పాటలు పాడటం మొదలుపెట్టిన ఇరవై రెండేళ్ళలో ఆమె చేసిన పది ఆల్బమ్‌ల కవర్లు అవి. మొదటి తొమ్మిదింటికీ కెమెరా అతనిదే, దిద్దుడూ అతనిదే. ఆ తొమ్మిదింటిలోనూ ఆమె కుడి బుగ్గ మీది పుట్టుమచ్చని ఎవరో బ్లేడుతో గీకేశారు. అంతటితో ఊరుకోకుండా ఎడమ బుగ్గ మీద కొత్త మచ్చ పెట్టారు.

ఇవాళే విడుదలవుతున్న పదోది మాత్రం చెక్కుచెదరలేదు.

అతని చూపు అక్కడే ఆగింది. దాన్ని తీసింది ఓ పాతికేళ్ళ ఫొటోగ్రాఫరమ్మాయి. “ఈసారి ఆ అమ్మాయిచేత చేయిద్దామండీ” అని భార్యే నోరు విప్పి అడిగింది. అడగడమే కాదు, ఆ పిల్ల కెమెరా ముందు పకపకా నవ్వింది కూడా. మేకప్ లేదు, దిద్దుడు లేదు. ఇరవై రెండేళ్ళలో అలాంటి నవ్వు తన కెమెరాకి ఒక్కసారైనా దొరకలేదు. అదీ అతని ఏడుపు.

“భోజనాలప్పుడు ఓ అరగంట హాలు ఖాళీగా ఉంది సార్” అన్నాడు హాలు మేనేజరు చెమటలు తుడుచుకుంటూ. “ముందు తలుపుకి తాళం వేసే వెళ్ళాం. మేకప్ గది వైపు తలుపొక్కటే తీసుంది.”

“ఆ గదిలో ఎవరెవరున్నారు?”

“మేడమ్, మేకప్ అక్క, ఫొటోగ్రాఫర్. ముగ్గురే.”

“ఇంకేం, దొరికిపోయింది! ఎక్కడా పిల్ల? పిలవండి.”

ఫొటోగ్రాఫరమ్మాయి వచ్చింది. గోడ చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “అయ్యో, ఎవరు సార్ ఇంత పని చేసింది?”

“ఓహో, నటన కూడా వచ్చన్నమాట. అసలు మచ్చ ఎడమ బుగ్గ మీదని ఇప్పటిదాకా ఎంతమందికి తెలుసు?”

తెలిసింది ఆ ముగ్గురికీ, తనకీ. మొదటి ఆల్బమ్ ఫొటోలో ఆమె ముఖం కవర్ బయటికి చూస్తున్నట్టు వచ్చింది. ఆల్బమ్ పేరు వైపు చూస్తే బాగుంటుందని అతను ఫొటోని ఎడమది కుడి చేసి తిప్పేశాడు. దాంతోపాటు మచ్చా తిరిగిపోయింది. తీరా కవర్ అచ్చయ్యాక గానీ ఎవరూ గమనించలేదు. ఆల్బమ్ ఇంటింటా మోగింది. జనం ఆ కుడి బుగ్గ మచ్చ మీద మనసు పారేసుకున్నారు. ఇక మార్చడానికి లేకపోయింది. ఆ రోజు నుంచి గడప దాటాలంటే ఆమె ఎడమవైపు మచ్చని పౌడర్‌తో కప్పాలి, కుడివైపు ఒకటి దిద్దుకోవాలి.

“నీ ఫొటోలో మచ్చ ఎడమవైపుంది. నా తొమ్మిదీ పక్కనుంటే జనం నీ ఫొటోనే తప్పంటారని భయపడ్డావు. అందుకని నావి దిద్దేశావు. అవునా, కాదా?”

“అంటే అననివ్వండి సార్. మొహం మేడమ్‌ది. ఏ బుగ్గన ఉందో ఆవిడే చెప్తారు.” ఆ అమ్మాయి దగ్గరికెళ్ళి కొత్త మచ్చని వేలితో రుద్దింది. గోధుమరంగు జిడ్డుగా అంటుకుంది. “ఇది ఇంకు కాదు సార్. కనుబొమ్మలు దిద్దుకునే పెన్సిల్.”

అందరూ మేకప్ అక్క వైపు తిరిగారు.

“నా వైపు చూస్తారేంటి బాబూ!” ఆమె విసురుగా వెళ్ళి తన పెట్టె తెచ్చి బల్ల మీద బోర్లించింది. “చూసుకోండి, అన్నీ నల్లవే. గోధుమరంగుది నా దగ్గర ఏనాడూ లేదు. ఎడమవైపు పౌడర్ అద్దడం వరకే నా పని.”

“అయితే ఈ పిల్లే బయటెక్కడో కొనుక్కొచ్చింది.”

అతను మొదటి కవర్ దగ్గరికి వెళ్ళి, జేబురుమాలు తీసి, గీకిన చోట రాలిన కాగితం పొడిని మెల్లగా తుడిచాడు. ఇంట్లో ఈ బొమ్మ అతని బల్ల ఎదురుగా ఉంటుంది. పొద్దున్నే కాఫీ అయినా తాగకముందే దాని దుమ్ము తుడుస్తాడు. భార్య ఏదైనా అడిగితే దానివైపు చూస్తూనే జవాబు చెప్తాడు.

“మెల్లగా బాబూ, ఆవిడకి నొప్పెడుతుంది” అని గొణిగింది మేకప్ అక్క.

మేనేజరు కాగితం, కలం తీశాడు. “ఫిర్యాదు ఎవరి మీద రాయమంటారు సార్?”

“ఈ పిల్ల మీదే. కుళ్ళుబోతుతనంతో చేసిందని కూడా రాయండి.”

“కుళ్ళు మాట నిజమే.”

మేకప్ గది గుమ్మంలో అతని భార్య నిలబడి ఉంది. ముఖం కడుక్కుని వచ్చినట్టుంది. ఎడమ బుగ్గ మీద మచ్చ తేటగా కనిపిస్తోంది. కుడి బుగ్గ ఖాళీ. ఆమె తిన్నగా వచ్చి, చేతిసంచి తెరిచి, ఓ బ్లేడునీ, అరిగి అరిగి గోరంత మిగిలిన గోధుమరంగు పెన్సిల్‌నీ బల్ల మీద పెట్టింది.

డిజైనర్ ఆ పెన్సిల్ ముక్కని చేతిలోకి తీసుకున్నాడు. “నీ బొమ్మల్ని నువ్వే... ఎందుకు?”

ఆమె మేనేజరు వైపు తిరిగింది.

“ఆ పిల్ల పేరు కొట్టేసి నా పేరు రాయండి బాబూ. మొగుడు ఇరవై రెండేళ్ళుగా కళ్ళెదురుగానే ఇంకో ఆవిణ్ణి చూసుకుంటూ కూర్చుంటే, ఏ పెళ్ళామైనా చేసే పనే చేశానని రాయండి!”