తేలిక పెడళ్లు

బుధవారం. ముసురు. కొండ సైకిలు గొలుసుకు నూనె పెట్టాను.

సాయంత్రం మా ఆవిడకు బూటును కరిచిపట్టే పెడళ్ల కోసం తిరిగాం. ఇది మూడో కొట్టు. ఇద్దరికీ కాళ్లు లాగుతున్నాయి. ఎక్కడ చూసినా చవకవి బరువు, తేలికవి ప్రియం.

"తొక్కేటప్పుడు ఆ తేడా తెలీదక్కా," అన్నాడు కొట్టతను.

"తొక్కడానికి కాదు తమ్ముడూ, మొయ్యడానికి. రాళ్లదారిలో సైకిలు భుజానికెత్తుకోవాలి."

"నీ సైకిలూ మోసేది నేనేగా. నా భుజానికి లేని నొప్పి నీకెందుకు?" అన్నాను.

ఆవిడ తేలిక జత పక్కన పెట్టించింది. "ఇకమీదట నేనే మోసుకుంటా. డాక్టరు మిమ్మల్ని బరువులెత్తొద్దన్న సంగతి మీరే చెబుతారని నెల్రోజులుగా చూస్తున్నా," అంది, నా వైపు చూడకుండా.

బేరమాడకుండా ఆ జతే కొన్నాం. ఇంటికొచ్చి పాతవి విప్పాను. కొత్తవి ఆవిడే బిగించుకుంది.