తొమ్మిదో గీత

గోడ పగులు పక్కన నాన్న పెన్సిల్‌తో పెట్టిన గీతలు ఎనిమిది. పగులు ఎంతవరకు పాకిందో తెలియడానికి తాపీమేస్త్రీలు అలా గీస్తారు. టేపుతో కొలిచాను. ఒకటి, మూడు, ఆరు, పది, పదిహేను... చివరిది ముప్పయ్యారు అంగుళాలు.

ఆ వరుస మా లెక్కల పుస్తకంలోదే: రెండు, మూడు, నాలుగు అంటూ కూడుతూ పోవడం.

పగులు మొదలైన చోటి నుంచి దూలానికి యాభై అయిదు అంగుళాలు. దూలం కింద నానమ్మ మంచం. గీతల సంఖ్యను ఎన్ అనుకున్నాను. సూత్రం ప్రకారం, దూరాన్ని రెట్టింపు చేస్తే, ఎన్ వర్గం ప్లస్ ఎన్ సమానం నూట పది. జవాబులు రెండు; గీతలు మైనస్‌లో ఉండవని మైనస్ పదకొండును కొట్టేశాను. మిగిలింది పది, అంటే పదో గీత దూలం దగ్గరే.

సాయంత్రం నాన్న పని నుంచి రాగానే చెప్పాను. "ఇంకా రెండే గీతలు నాన్నా! ఎల్లుండికి పగులు దూలాన్ని అందుకుంటుంది. ఆలోగా ఇల్లు ఖాళీ చేసేద్దాం."

నాన్న నవ్వాడు. "నీ లెక్క వినడానికి ఆ గోడేమైనా బడికి పోయిందా తల్లీ?"

అంటూనే చెవి మీది పెన్సిల్ తీసి, పగులు కొనకి గీత పెట్టాడు. పరుగున వెళ్ళి కొలిచాను. నలభై అయిదు.

"ఇవాళ్టి గీత పెట్టేశావు కదా నాన్నా?" అని అడిగాను.

"అది పొద్దుటిది. పనికి పోయేముందు ఒకటి, వచ్చాక ఒకటి. రోజుకు రెండు."

నాన్న నవ్వు ఆగిపోయింది. తల ఎత్తి దూలం వైపు చూశాడు. పదో గీత తెల్లవారేసరికే.

నానమ్మ అప్పటికే కునుకు తీస్తోంది. నాన్న మంచానికి అవతలి కొస పట్టుకోమని నాకు సైగ చేశాడు.