తెర తీసిన రోజు

చేపల చెరువు మీద కొంగలు వాలకుండా కట్టిన నైలాన్ దారానికి చిక్కుకుని ఓ డేగ రెక్క విరిగింది. చెరువు రైతు సత్తిబాబు వదిలెయ్యడానికి మనసొప్పక దాన్ని ఏలూరు తెచ్చి, దెబ్బతిన్న పక్షులకు వైద్యం చేసే షాయిస్తాకు అప్పగించాడు. అది చీరేసిన తన చెయ్యి చూపించి నవ్వాడు.

తెర చాటునుంచే మాంసం వెయ్యాలనీ, మనిషి మొహం కనబడకూడదనీ ఆమెకు పని నేర్పినవాళ్లు మరీమరీ చెప్పారు. మూడు రోజులు అది ముట్టనేలేదు. నాలుగో రోజు మనసాగక, షాయిస్తా తెర తీసేసి అరచేతిలో పెట్టింది. తిన్నది. ఆ తర్వాత రోజూ చేతిలోనే తిన్నది.

రెండు నెలలకు రెక్క అతికింది. కొల్లేటి గట్టు మీద వదిలితే రివ్వున పైకి లేచిపోయింది. షాయిస్తా ఆనందంతో ఏడ్చేసింది.

పది రోజుల తర్వాత అటు వెళ్తే, సత్తిబాబు చెరువు మధ్య వెదురు గెడకు కాలికి తాడుతో ఓ డేగ తలకిందులుగా వేలాడుతోంది.

"కొంగలు బెదురుతాయని బతికుండగానే కట్టానండి. ఎండకు ఆగలేదు పాపం," అన్నాడతను. ఆమె మొహం చూసి కంగారుపడ్డాడు.

"మీ డేగ కాదులెండి, షాయిస్తాగారూ! అదైతే నా చెయ్యి చీరేసింది కదండీ. ఇది చెయ్యి చాపగానే వచ్చి వాలిందండి."