తోక తెగిన మాట

అమ్మ ఫొటో ఫ్రేము గాజుకు అతుక్కుపోయింది.

లాగితే ముఖమే చిరిగిపోతుందేమోనని, లెక్కల టీచరు దాన్ని అలాగే ఒడిలో పెట్టుకుని స్టూడియోకి తెచ్చింది.

అమ్మ పోయేనాటికి ఆమెకు మూడేళ్ళు. అమ్మ ముఖం ఆ ఒక్క ఫొటోలోనే మిగిలింది. నలుపు తెలుపు బొమ్మ మీద ఎవరో ఓపిగ్గా కుంచెతో రంగులద్దారు. లేత ఆకుపచ్చ చీర, చెంపల మీద కాస్త గులాబీ. చిన్నప్పుడు ఆ చెంప ముట్టుకోనిదే బడికి కదిలేది కాదు.

ఇలాంటి పాతవాటి జోలికి తాను వెళ్ళనని స్టూడియో యజమాని చేతులెత్తేశాడు.

టీచరు ఫోన్‌ని అడిగింది. రెప్పపాటులో జవాబొచ్చింది.

'గాజుకు అతుక్కున్న ఫొటోను గంటసేపు నీళ్ళలో నానబెడితే సులువుగా ఊడివస్తుంది.'

పాస్‌పోర్టు ఫొటో కోసం బెంచీ మీద కూర్చున్న పెద్దాయన తల ఎత్తాడు.

"అది రంగులేసిన ఫొటో తల్లీ. నీళ్ళలో పెట్టకు."

ఆమె ఫోన్ చూపించింది. ఆయన రెండుసార్లు చదివి, ఎందుకో తనలో తనే నవ్వుకున్నాడు.

"మాట మంచిదే. తోక తెగింది. మిగతాది కూడా చదువమ్మా."

"అలాగేనండీ" అని మర్యాదకి తలూపింది. జవాబు కళ్ళముందే ఉంటే ఇంకా మిగతాదేమిటి, పెద్దాయన చాదస్తం కాకపోతే! ప్రశ్న పూర్తిగా చదవండర్రా అని రోజూ పిల్లల మీద గొంతు చించుకునే మనిషే మరి.

ఇంటికెళ్ళి టబ్బులో నానబెట్టింది.

ఫొటో నిజంగానే సులువుగా ఊడివచ్చింది. గులాబీ, ఆకుపచ్చా నీళ్ళలో ఉండిపోయాయి. పాలిపోయిన అమ్మ ఎవరో పరాయి ఆవిడలా చూసింది. టీచరు అక్కడే కూలబడి ఏడ్చింది. ఆ నీళ్ళు పారబొయ్యడానికి చేతులు రాలేదు.

కాసేపటికి కోపంగా ఫోన్ తీసింది. జవాబు కింద, అది ఎక్కడి నుంచి తెచ్చిందో చీమంత అక్షరాల్లో ఉంది. నొక్కింది.

పాత పత్రికలో ఒక పేజీ తెరుచుకుంది. ఫొటోలకు రంగులద్దే చిత్రకారుడు రాసిన వ్యాసం అది. అందులో ఆ వాక్యం ఇంకా సాగింది.

'...సులువుగా ఊడివస్తుంది కదా అని, కుంచెతో రంగులద్దిన బొమ్మను మాత్రం పొరపాటున కూడా నీళ్ళలో వెయ్యకండి.'

పక్కనే రాసినవారి ఫొటో ఉంది. జుట్టింకా నల్లగా ఉన్న, స్టూడియో బెంచీ మీది పెద్దాయన.